నా థీసిస్‌లో హాలహర్వి బస్సు

మద్రాసులో ఎం.టెక్. కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాదిలోకి వచ్చినప్పుడు మా డిపార్ట్‌మెంటు గుమాస్తా తలా ఒక సైక్లోస్టయిల్ కాగితం చేతిలో పెట్టాడు. థీసిస్ ఇచ్చేవాళ్లు ఏమేం చేయాలో అందులో ఉంది. కోర్సు పేపర్లన్నీ పాసై ఉండాలి. ఒక గైడు కింద ఏడాదిపాటు సొంతంగా పనిచేయాలి. మధ్యలో ఒక సెమినార్ ఇవ్వాలి. ఇది విద్యార్థి సొంత పనేనని గైడు సంతకం పెట్టిన ధ్రువపత్రం ఉండాలి. చివర్న బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షకుడి ముందు కూర్చుని జవాబులు చెప్పుకోవాలి. ఇదంతా మొదటి పేజీ. రెండో పేజీ నిండా టైపు గురించే. నాలుగు ప్రతులు కావాలి. లైనుకూ లైనుకూ మధ్య రెట్టింపు ఖాళీ వదలాలి. బైండింగు కోసం ఎడమవైపు ఒకటిన్నర అంగుళం విడిచిపెట్టాలి. రబ్బరుతో చెరిపిన మచ్చ గానీ, తెల్లరంగు పూసిన మచ్చ గానీ ఎక్కడా కనపడకూడదు. తప్పు పడిన పేజీని మొత్తంగా మళ్లీ కొట్టాలి.

మొదటి పేజీ చూసి నేను భయపడలేదు. రెండో పేజీ చూసి భయపడ్డాను. కాలేజీ చుట్టుపక్కల టైపిస్టుల దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మా సీనియర్లు వరసకట్టి నిలబడటం నేను చూశాను. గ్రీకు అక్షరాలు, గుర్తులు వస్తే వాళ్లు విసుక్కుంటారు. ఇచ్చిన కాగితాలు పోగొట్టిన వాళ్లు కూడా ఉన్నారని చెప్పుకునేవాళ్లు. అప్పుడు ఆదోనిలో నాకు టైపు నేర్పిన సార్ గుర్తొచ్చాడు.

మాది యెమ్మిగనూరు. నాయన మగ్గం నేసేవాడు. అమ్మ కండెలు చుట్టేది. ఇంటర్ చదవడానికి నన్ను ఆదోనికి పంపినప్పుడు, కాలేజీ అయ్యాక ఒక గంట టైపు కూడా నేర్చుకోమన్నాడు నాయన. చదువు అబ్బకపోయినా ఏదో ఒక ఆఫీసులో కూర్చుంటానని ఆయన ఆలోచన. ఆ ఇన్‌స్టిట్యూట్ పత్తి మార్కెట్టుకు దగ్గర్లో ఒక మేడ మీద ఉండేది. ఎనిమిది మిషన్లు. కిటికీలోంచి దూదిపింజలు ఎగిరొచ్చి మిషన్ల మీద వాలేవి. అక్షరాల సందుల్లో దూది చిక్కుకుని ఇంగ్లీషు 'ఇ', 'ఓ' నల్లగా పూడిపోయి పడేవి. సార్ ప్రతిరోజూ పొద్దున్నే పాత పళ్లబ్రష్షు కిరసనాయిల్లో ముంచి అక్షరాలన్నీ తుడిచి, ఆ తర్వాతే పిల్లల్ని మిషన్ల ముందు కూర్చోనిచ్చేవాడు. అప్పటికే నడివయసు మనిషి. కళ్లజోడుకు నల్లదారం కట్టుకుని మెళ్లో వేసుకునేవాడు. మాట మెత్తన. వేళ్లు చూసి కొట్టే వాళ్లని చూస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు. మిషను మీద ఒక తువ్వాలు కప్పి, "ఇప్పుడు కొట్టు" అనేవాడు.

ఆ నేర్చుకున్న టైపు నాకు మద్రాసులో పనికొచ్చింది. అప్పట్లో మా ప్రోగ్రాములు టైపు మిషను లాంటి మీటలున్న మిషనుతో కార్డుల మీద చిల్లులు పొడిచి ఇవ్వాలి. ఒక్కో లైనుకు ఒక కార్డు. తక్కినవాళ్లు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పొడిచే లోపల నేను రెండు ప్రోగ్రాములు పొడిచి కంప్యూటరు సెంటరు కిటికీలో ఇచ్చేసేదాన్ని. మర్నాడు అచ్చు కాగితం తీసుకునేదాన్ని.

నా థీసిస్ బస్సుల గురించి. అంతకు ముందు డిసెంబరులో సెలవులకు వచ్చినప్పుడు ఆదోని బస్టాండు కంట్రోలర్ దగ్గరికి పోయి, ఒక రోజులో యెమ్మిగనూరుకు, పెద్దకడుబూరుకు, హాలహర్వికి, ఇంకా చుట్టుపక్కల ఊళ్లకు ఏ బస్సు ఎన్నింటికి పోతుందో, తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో రాసుకున్నాను. ఆయన ముందు నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఈ టైములన్నీ నీకేంటికమ్మా? ఎవరన్నా వచ్చేది ఉండాదా?"

"లేదన్నా, చదువు కోసం."

"బస్సు టైముల చదువా?" అని నవ్వి, రిజిస్టరు నా వైపు తిప్పి, కూర్చోవడానికి తన స్టూలు కూడా ఇచ్చాడు.

ఆ ట్రిప్పులన్నీ నడపడానికి డిపో పద్నాలుగు బస్సులు వాడుతోంది. ఏ బస్సు ఏ ట్రిప్పు తర్వాత ఏ ట్రిప్పుకు పోవాలో కంప్యూటరే తేల్చితే, ఎన్ని బస్సులు చాలుతాయి? నేను రాసిన ప్రోగ్రాము పన్నెండు చాలంది. మా గైడు ఆ అచ్చు కాగితం చూసి తల ఊపి, "రాయడం మొదలుపెట్టు" అన్నాడు. ఆయన తమిళుడు, పెద్దాయన. ఒక్క మాటతో సరిపోయే చోట రెండు మాటలు వాడే మనిషి కాదు.

ఏప్రిల్లో కాగితాల కట్టతో ఊరికి వచ్చి ఆ మేడ ఎక్కేసరికి సార్ నన్ను గుర్తుపట్టడానికి కళ్లజోడు పెట్టుకున్నాడు.

"అరె, యెమ్మిగనూరు పాప! వేళ్లు చూడకుండా కొడతాండావా, లేదా?"

నేను సైక్లోస్టయిల్ కాగితం ఆయన చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు. "కోర్టు కాగితాలకు గూడా ఇంత గట్టి నియమాలు లేవు బేటీ" అన్నాడు. అని ఆ కాగితాన్ని తన మిషనుకు ఎదురుగా గోడకు అంటించాడు. స్కేలు తెచ్చి, తెల్లకాగితం మీద ఒకటిన్నర అంగుళం కొలిచి, మిషనుకు గుర్తు పెట్టుకున్నాడు. పొద్దున పదకొండు దాకా, మళ్లీ నాలుగు నుంచి పిల్లల బ్యాచీలు. మధ్యలో ఆయనకు ఖాళీ. ఆ సమయమంతా నా థీసిస్‌కు ఇస్తానన్నాడు.

అప్పటినుంచి రోజూ యెమ్మిగనూరులో పొద్దున బస్సెక్కి చేత్తో రాసిన పేజీలు తీసుకెళ్లి ఇవ్వడం, ముందురోజు కొట్టినవి తీసుకుని దిద్దుకోవడం. మొదటి వారంలోనే ఒక గండం వచ్చింది. మొదటి అధ్యాయం పన్నెండు పేజీలు కొట్టి ఇచ్చాడు. అచ్చు పోసినట్టున్నాయి. ఒక్క మచ్చ లేదు. చదువుతూ పోతే నేను 'అల్గారిథమ్' అని రాసిన ప్రతి చోటా 'లాగరిథమ్' అని ఉంది. నాలుగు ప్రతుల్లోనూ.

ఎలా చెప్పాలో తెలియక చాలాసేపు కాగితాలు తిప్పుతూ కూర్చున్నాను. ఆయనే గమనించాడు.

"ఏమన్నా తప్పు ఉండాదా?"

చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. "నువ్వే తొందర్లో తప్పు రాసినావనుకుంటి బేటీ. లెక్కల పుస్తకంలో లాగరిథమ్ అని ఉంటాది కదా. నీకు మాట రాకూడదని అన్నీ సరిజేస్తి." తర్వాత ఆ పన్నెండు పేజీలు, కార్బన్ ప్రతులతో సహా, తీసి పక్కన పెట్టేశాడు. "ఇంక నుంచి నువ్వు రాసింది రాసినట్టే కొడతా. నా తెలివి వాడను" అన్నాడు. రెండు రోజుల్లో ఆ పేజీలన్నీ మళ్లీ కొట్టిచ్చాడు. పరవాలేదు సార్, పరవాలేదు సార్ అని నేను ఎన్నిసార్లు అన్నా ఆయన మనసులోంచి అది పోలేదు.

పని జోరుగా సాగింది. ఇంట్లో నాయన ప్రతి సాయంత్రం మగ్గం గుంతలోంచి లేస్తూ ఒకే ప్రశ్న అడిగేవాడు.

"యాడిదాకా వచ్చినాదమ్మా?"

"మూడో అధ్యాయం అయిపోయింది నాయనా."

"మొత్తం ఎన్ని?"

"ఐదు."

"ఇంక రెండే కదా, మేలు" అని కాళ్లు కడుక్కోవడానికి పోయేవాడు. ఆ అధ్యాయాల్లో ఏముందో ఆయన అడగలేదు. ఎప్పటికి అవుతుందన్నదే ఆయనకు కావాలి. మే నెల చివర్న థీసిస్ ఇవ్వాల్సిన తేదీ మాత్రం క్యాలెండరు మీద ఎర్ర పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టిపెట్టాడు.

నాలుగో అధ్యాయంలో పెద్ద పట్టిక ఉంది. పన్నెండు బస్సులు, ఒక్కో బస్సు కింద అది రోజంతా చేసే ట్రిప్పులు, బయలుదేరే టైము, తిరిగొచ్చే టైము. నాలుగు పేజీల పట్టిక. అది ఇచ్చిన మర్నాడు పోతే సార్ ఇంకా కొట్టలేదన్నాడు. ఆ మర్నాడూ అంతే. కార్బన్ కాగితం అయిపోయిందన్నాడు. బీరువా మీద కార్బన్ పెట్టె నిండుగా కనపడుతూనే ఉంది. మూడో రోజు నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"సార్, తేదీ దగ్గర పడుతోంది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "నేను నా తెలివి వాడనని మాట ఇచ్చినా బేటీ. మొన్న ఒకసారి వాడి నీ పని సెడగొట్టినా. అందుకే సెప్పాలనా, వద్దా అని రెండు రోజులుగా చూస్తాండా."

"ఏంది సార్?"

పట్టికలో ఏడో నంబరు బస్సు దగ్గర వేలు పెట్టాడు. "ఈ బస్సు యెమ్మిగనూరుకు పోయి రాత్రి పదిన్నరకు ఆదోనికి వస్తాది. అవునా? దాని కింద గెరెలో చూడు. పన్నెండు నలభైకి హాలహర్వికి పోతాది అని ఉండాది. రాత్రి పన్నెండు నలభైకి హాలహర్వికి బస్సు యాడిది?"

నేను పట్టికనే చూస్తున్నాను.

"మా అక్కను హాలహర్విలో ఇచ్చినారు. ప్రతి బేస్తవారం నేను ఆ బస్సుకే పోతా. పన్నెండు నలభై అంటే మధ్యాన్నం. కడుపు నిండా తిని ఎక్కితే ఆదోని దాటకముందే నిద్దర పడతాది. ఆ బస్సు నాకు తెలీదా?"

తప్పు ఎక్కడుందో ఆయన మాట పూర్తయ్యే లోపలే తెలిసిపోయింది. మధ్యాహ్నం టైములకు పన్నెండు కలపమని ప్రోగ్రాములో రాశాను. ఒంటిగంటను పదమూడు చేయాలి, రెండును పద్నాలుగు చేయాలి. అక్కడిదాకా సరే. కానీ మధ్యాహ్నం పన్నెండు నలభైకి కూడా పన్నెండు కలిపితే ఇరవై నాలుగు నలభై అవుతుంది. అంటే అర్ధరాత్రి దాటినట్టు. పన్నెండుకూ ఒంటిగంటకూ మధ్య ఆదోని నుంచి మూడు ట్రిప్పులున్నాయి. ఆ మూడింటినీ నా ప్రోగ్రాము బస్సులన్నీ ఖాళీగా నిద్రపోయే వేళకు నెట్టేసింది. మధ్యాహ్నం బస్సులు మిగిలినట్టు కనపడింది అందుకే. పన్నెండు చాలన్నది అందుకే.

"సార్, మీరు చెప్పింది నిజం" అన్నాను.

"నాదే తప్పైతే బాగుండు అనుకుంటి" అన్నాడు ఆయన. తర్వాత ఒక మాట అన్నాడు. "నువ్వు ఇట్లనే కొట్టు అంటే కొడతా బేటీ. నేను టైపిస్టును. నీ చదువు నీకు తెలుస్తాది."

ఆయన ఆ మాట నన్ను పరీక్షించడానికి అనలేదు. నిజంగానే అన్నాడు. ఆ మధ్యాహ్నం యెమ్మిగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను ఆ మాట గురించే ఆలోచించాను. తేదీ మూడు వారాల్లో ఉంది. గైడు చూసి తల ఊపాడు. బయటి పరీక్షకుడు ఏ ఊరివాడో, హాలహర్వి పేరు కూడా విని ఉండడు. పట్టికలో ఆ ఒక్క గెరెను, ఆ ఒక్క లైనును, ఎవరు చదువుతారు? పన్నెండు బస్సులు అని చెప్పుకోవడం బాగుంటుంది, రెండు బస్సులు మిగిల్చాను అని. ఇంటికి చేరేదాకా ఇవే ఆలోచనలు. అట్లానే కొట్టించేద్దామన్న ఆలోచన నాకు రాలేదని ఇప్పుడు చెబితే అబద్ధమవుతుంది.

నాయన యథాప్రకారం అడిగాడు. "యాడిదాకా వచ్చినాదమ్మా?"

ఏడ్చేశాను. ఇరవై మూడేళ్ల దాన్ని, ఇంజనీరింగు పాసైన దాన్ని, మగ్గం పక్కన నిలబడి ఏడ్చాను. అమ్మ చేతిలో కండె పట్టుకునే వచ్చింది. తప్పు పడింది, మళ్లీ మద్రాసు పోయి కంప్యూటరుతో చేయించాలి, టైము సరిపోతుందో లేదో తెలియదు అని ముక్కలు ముక్కలుగా చెప్పాను. తప్పంటే ఎలాంటి తప్పు అని నాయన అడగలేదు.

"రైలు ఎప్పుడు ఉండాది?" అన్నాడు.

"రేపు."

"సరే పా, నేను వస్తా స్టేషన్ దాకా. అమ్మను సద్ది కట్టమను."

మర్నాడు ఆదోని స్టేషన్లో రైలు కదిలేదాకా కిటికీ కడ్డీలు పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు ఆయన మగ్గం ఆగింది. నా చదువు కోసం ఆ మగ్గం ఎన్నిసార్లు ఆగిందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా గైడు గదిలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పట్టిక తీసుకుని ఏడో నంబరు బస్సు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది నేను చూడాల్సింది" అన్నాడు మొదట. తర్వాత, "ఎవరు పట్టుకున్నారు?" అని అడిగాడు.

"మా టైపిస్టు సార్."

ఆయన ముఖంలో అంతకు ముందు నేనెప్పుడూ చూడని నవ్వు వచ్చింది. "పోయి రన్ చెయ్" అన్నాడు.

మార్చాల్సినవి రెండే కార్డులు. రెండు కార్డులు పొడిచి, పాతవి తీసి కొత్తవి పెట్టి, కట్ట మొత్తం కిటికీలో ఇచ్చాను. మర్నాడు పోతే మిషను రిపేరులో ఉందన్నారు. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు అచ్చు కాగితం చేతికొచ్చింది. పదమూడు బస్సులు. రెండు మిగిల్చాననుకున్నది ఒకటైంది. గైడుకు చూపిస్తే, "మంచిది. ఏం తప్పు చేశావో, ఎలా బయటపడిందో అది కూడా రాయి. ఈసారి పట్టిక ఆ ఊరివాళ్లకు చూపించి తీసుకురా" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆదోనిలో దిగగానే నేరుగా బస్టాండుకు పోయాను. కంట్రోలర్ నన్ను గుర్తుపట్టి, "చదువు అయిపోయినాదా?" అన్నాడు. పట్టిక పరిచాను. చెవి మీది పెన్సిలు తీసుకుని ఒక్కో గెరె కింద గీసుకుంటూ వచ్చాడు. టైములన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాలుగో నంబరు బస్సు దగ్గర ఆగాడు.

"ఇది పెద్దకడుబూరుకు పోయి ఒంటిగంటకు వస్తాది. పది నిమిషాల్లో మళ్లీ యెమ్మిగనూరుకు పంపించినావు."

"అవునన్నా. బస్సు ఖాళీగానే ఉంది కదా."

"బస్సు ఖాళీనే. డ్రైవరు అన్నం ఎప్పుడు తినాల?"

ఏడాదిపాటు బస్సుల గురించి రాశాను గానీ బస్సులో డ్రైవరు ఉంటాడని నాకు తోచనేలేదు. కంట్రోలర్ కోప్పడలేదు. "మీ కంప్యూటరుకు ఆకలి కాదు లేమ్మా" అని నవ్వి టీ తెప్పించాడు. అది మళ్లీ రన్ చేయడానికి ఇక టైము లేదు. ఈ ప్రోగ్రాము డ్రైవర్ల భోజనం లెక్కలోకి తీసుకోలేదు, తీసుకోవాలి అని చివరి అధ్యాయంలో రాశాను.

పేజీలు పెరిగాయి గనక నంబర్లన్నీ మారాయి. నాలుగో అధ్యాయం మళ్లీ కొట్టాలి, ఐదో అధ్యాయం, ముందు పెట్టే సారాంశం, విషయసూచిక ఇంకా కొట్టాల్సే ఉన్నాయి. ఆ వారం సార్ హాలహర్వికి కూడా పోలేదు. గ్రీకు అక్షరాల కోసం వదిలిన ఖాళీల్లో నేను పక్కన కూర్చుని నల్లసిరాతో గీసేదాన్ని. మధ్యలో ఆయన నమాజుకు లేచేవాడు. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ పొట్లం తెచ్చేవాడు. నూనె చేతులతో కాగితం ముట్టుకోకూడదని నాతో రెండుసార్లు కడిగించేవాడు. పట్టిక కొట్టేటప్పుడు ప్రతి గెరెనూ పైకి చదివేవాడు. "ఇది హాలహర్వి. మధ్యాన్నం. సరిపోయినాది" అని తనలో తనే అనుకునేవాడు.

చివర్న కృతజ్ఞతల పేజీ మిగిలింది. గైడుకు, కంప్యూటరు సెంటరు వాళ్లకు, అమ్మానాయనలకు, బస్టాండు కంట్రోలర్‌కు రాశాను. ఆఖరి పేరాలో, ఈ థీసిస్‌లోని పెద్ద తప్పును కనిపెట్టినది దీన్ని టైపు చేసిన మా గురువు అని రాశాను. మర్నాడు పేజీ తీసుకుని చూస్తే అన్నీ ఉన్నాయి. ఆఖరి పేరా లేదు.

"సార్, ఒక పేరా తప్పిపోయింది."

"తప్పిపోలేదు."

"రాసింది రాసినట్టే కొడతానన్నారు కదా?"

"టైపు కొట్టేవాడు తన గొప్ప తనే కొట్టుకుంటే ఏం బాగుంటాది బేటీ? నాతో కాదు."

ఎంత చెప్పినా వినలేదు. అప్పుడు నేను లేచి కిటికీ పక్కనున్న మిషను ముందు కూర్చున్నాను. నేర్చుకునేటప్పుడు నేను కూర్చున్న మిషనే అది. నాలుగు తెల్లకాగితాలు, మధ్యలో మూడు కార్బన్లు పెట్టి ఎక్కించాను. ఆయన వద్దనలేదు. వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఆయన వెనక నిలబడితే నా వేళ్లు మళ్లీ ఇంటర్ పిల్లవైపోయాయి. మొదటి కాగితం మూడో లైనులో పోయింది. రెండోది చివరి లైనులో పోయింది. రెండుసార్లూ ఆయనే కాగితాలు తీసి, కొత్తవి సరిచేసి ఎక్కించాడు.

"నడుం నిటారుగా పెట్టు. వేళ్లు చూడాకు" అన్నాడు.

మూడోసారి పూర్తయింది. కాగితం తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. తన గురించి రాసిన పేరా చదివాడో లేదో తెలియదు. "అంచు సరిగ్గా ఒకటిన్నర వచ్చినాది" అని మాత్రం అన్నాడు.

మార్కెట్టు రోడ్డులో రిజిస్టర్లు కుట్టే బైండరు నాలుగు ప్రతులకూ నల్ల రెక్సిన్ అట్టలు వేసిచ్చాడు. తేదీకి రెండు రోజుల ముందు అవి డిపార్ట్‌మెంటులో ఇచ్చాను.

వైవాకు వచ్చిన పరీక్షకుడు బక్కపలచని మనిషి. థీసిస్‌లో అక్కడక్కడ కాగితపు ముక్కలు పెట్టుకుని వచ్చాడు. ప్రోగ్రాము గురించి గంటసేపు అడిగాడు. నేను చెప్పగలిగాను. తర్వాత చివరి అధ్యాయం తెరిచాడు.

"పదమూడు బస్సులు చాలంటున్నావు. డ్రైవర్లకు భోజనం టైము ఇస్తే ఎన్ని కావాలి?"

నేను మా గైడు వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"పద్నాలుగు కావచ్చు సార్" అన్నాను.

"డిపోవాళ్లు ఇప్పుడు ఎన్ని వాడుతున్నారు?"

"పద్నాలుగే సార్."

ముందు నవ్వింది ఆ పరీక్షకుడే. తర్వాత మా గైడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "కంప్యూటరు లేకుండా వాళ్లెట్లా చేశారో అది కనుక్కోవడం కూడా మంచి థీసిసే" అంటూ పరీక్షకుడు వైవా కాగితం మీద సంతకం పెట్టాడు. బయటికి వచ్చాక గైడు నా భుజం తట్టి, పాస్ అని ఒక్క మాట చెప్పి క్లాసుకు వెళ్లిపోయాడు.

ఊరికి వచ్చిన మర్నాడు నాయనను కూడా వెంటబెట్టుకుని ఆదోని పోయాను. మేము మెట్లెక్కేసరికి నాలుగు గంటల బ్యాచి నడుస్తోంది. ఎనిమిది మిషన్ల చప్పుడు. సార్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు. అంత నిశ్శబ్దంగా ఆ గదిని నేనెప్పుడూ చూడలేదు. నన్ను చూపించి, ఈమె ఈడనే నేర్చుకున్నాది, ఇప్పుడు ఎం.టెక్. అని పిల్లలకు చెప్పి, మళ్లీ కొట్టమన్నాడు. నాయనకు తన కుర్చీ వేశాడు. ఇద్దరూ ఒకరినొకరు అంతకు ముందు చూడలేదు. బాగుండారా అంటే బాగుండారా అనుకున్నారు.

బ్యాచి అయిపోయి పిల్లలంతా దిగిపోయాక సార్ తలుపు దగ్గరికి వేసి వచ్చి మా ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు.

"బేటీ, ఒకటి అడుగుతా. నీ పుస్తకం మొత్తం నా చేతుల మీద పోయినాది. ఒక్క అక్షరం వదలకుండా కొట్టినా. కానీ పట్టిక తప్ప నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నీ పని ఆగుతాదని అప్పుడు అడగలే. ఇప్పుడు సెప్పు. ఆ మిషను ఏ బస్సు ఏడికి పోవాలనేది ఎట్ల తేల్చుకుంటాది?"

"నేనూ అదే అడగాలనుకుంటి" అన్నాడు నాయన.

ఆ రెండేళ్లలో ఆ ప్రశ్న నన్ను అడిగినవాళ్లంతా మార్కులు వేసేవాళ్లే. టైపు కాగితాలు చింపి, ఒక్కో ముక్క మీద ఒక్కో ఊరి పేరు, టైము రాసి బల్ల మీద పరిచాను. ముందు బయలుదేరే ట్రిప్పు ఏదో వెతకాలి, ఆ టైముకు ఏ బస్సు తిరిగొచ్చి ఖాళీగా ఉందో చూడాలి అంటూ మొదలుపెట్టాను. నాయన కాగితాలను ముందుకు వంగి చూస్తున్నాడు. సార్ మధ్యమధ్యలో ఆపి అడుగుతున్నాడు. ఒక ప్రశ్నకు నాకు జవాబు తెలియలేదు. తెలియదని చెప్పాను. "సరే, ముందుకు పో" అన్నాడు. ఆ సాయంత్రం మేము యెమ్మిగనూరుకు పోవాల్సిన బస్సు ఒకటి పోయింది, దాని తర్వాతదీ పోయింది. మా ముగ్గురిలో ఎవరూ లేవలేదు.